ఇంటి తోటకు ట్రాక్టర్ మట్టి తెప్పించుకోవడం: హైదరాబాద్‌లో ఎర్రమట్టి ఎంపిక నుంచి మడి నింపేదాకా

హైదరాబాద్‌లో ‘ఎర్రమట్టి కావాలి’ అని ఫోన్ చేస్తే మూడు రకాల సరుకులో ఏదైనా ఇంటికి రావచ్చు. మూడూ ఎర్రగానే ఉంటాయి. ఒకటి చేను పైపొర నుంచి తీసిన మట్టి. రెండోది అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్వినప్పుడు బయటపడ్డ మొరం. మూడోది పాత ఇల్లు కూలగొట్టిన చోట సున్నం, ఇటుక ముక్కలు కలిసిపోయిన మట్టి. మొదటి దాంట్లో మొక్క పెరుగుతుంది. రెండో దాంట్లో బతుకుతుంది గానీ ఎదగదు. మూడో దాంట్లో ఆకులు పసుపెక్కి, ఎందుకు పోయిందో కూడా తెలియకుండా పోతుంది. అందుకే రంగు, ధర తర్వాత సంగతి. ఆ మట్టిని ఏ లోతు నుంచి తీశారన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ మార్గదర్శి సొంత ఇల్లు, డూప్లెక్స్, విల్లా, ఊరి చివర ఫాంహౌస్ ఉన్నవారికోసం, అంటే నేల మీద మడులు, పచ్చిక, పండ్ల మొక్కలు వేసుకునేవారికోసం. మిద్దె తోట సంగతి వేరు. దాని గురించి మధ్యలో ఒక హెచ్చరిక ఉంది, మిద్దె మీదికి మట్టి ఎక్కించాలని ఉంటే ముందు అది చదవండి.

ఎంత మట్టి కావాలి

వ్యాపారం అంతా ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్‌టీల్లో నడుస్తుంది. పొడవు, వెడల్పు, లోతు మూడూ అడుగుల్లో కొలిచి గుణిస్తే సరిపోతుంది. లోతు ఎంత ఉండాలన్నది మొక్కను బట్టి. పచ్చికకు 6 అంగుళాలు, ఆకుకూరలకు 8 నుంచి 9, టమాట, వంకాయ, బెండకు 12, మందార, గులాబీ, కరివేపాకు లాంటి వాటికి 18. మామిడి, జామ, నిమ్మకు మడి కాదు, గొయ్యి తీయాలి. 3 అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గొయ్యికి 27 ఘనపుటడుగులు పడతాయి.

ఒక మామూలు ఇంటి లెక్క చూద్దాం. వెనకాల 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో రెండు కూరగాయల మడులు, అడుగు లోతు: 96 ఘనపుటడుగులు. ముందు 15 × 10 అడుగుల పచ్చిక, అర అడుగు మందం: 75. మూడు పండ్ల గోతులు, తవ్విన మట్టిలో సగం మళ్లీ వాడుకుంటే కొత్తగా కావలసింది సుమారు 40. మొత్తం 211.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ట్రాక్టర్‌లో వచ్చే మట్టి గుల్లగా ఉంటుంది. రెండు మూడు తడులు పెట్టగానే, ఒక గట్టి వాన పడగానే అణిగిపోతుంది. ఎరువు కలిపినప్పుడు కూడా ఒకదాని సందుల్లోకి మరొకటి దూరి మొత్తం తగ్గుతుంది. అందుకని 20 శాతం కలుపుకోండి: 211 కాస్తా 253 అవుతుంది. ఇందులో నాలుగో వంతు ఎరువు, మిగతాది మట్టి. అంటే మట్టి 190, ఎరువు 63 ఘనపుటడుగులు. ఈ ఇంటికి రెండు ట్రాక్టర్ల మట్టి, ఒక చిన్న బండి ఎరువు చాలు. ఎరువు వాటా తీసేయకుండా మొత్తానికీ మట్టే చెప్పేస్తే మూడో ట్రాక్టర్ గేటు ముందు గుట్టగా మిగిలిపోతుంది.

ఏ బండి

ట్రాక్టర్ ట్రాలీలో మామూలుగా 75 నుంచి 120 ఘనపుటడుగుల దాకా పడుతుంది. ఈ తేడా ట్రాలీ కొలతలది, దీని మీదే ధర తిరుగుతుంది, ఆ సంగతి కింద చెప్పుకుందాం. చిన్న టాటా ఏస్‌లో సుమారు 20, బొలెరో పికప్‌లో 35 నుంచి 40 పడతాయి. ఇరుకు గల్లీల్లో ఇవే దిక్కు. టిప్పర్లలో ఆరు టైర్లవి, పది టైర్లవి ఉంటాయి. పది టైర్ల దాంట్లో వచ్చే మట్టి నాలుగైదు ట్రాక్టర్లకు సమానం. 500 గజాలకు మించిన స్థలం నింపుకుంటే తప్ప ఇంటి తోటకు అంత అక్కర్లేదు.

బరువు కూడా గుర్తుంచుకోండి. ఆరిన ఎర్రమట్టి ఘనపుటడుగుకు 35 నుంచి 40 కిలోలు, తడిసిందైతే 45 నుంచి 50. 100 ఘనపుటడుగుల ట్రాలీ అంటే ఎండాకాలంలో మూడున్నర నుంచి నాలుగు టన్నులు, వానాకాలంలో ఐదు టన్నుల దాకా. మట్టి టన్నుల్లెక్కన అమ్ముతామంటే ఒప్పుకోవద్దు, వాన పడ్డ మర్నాడు మీరు నీళ్లకు కూడా డబ్బు కట్టినట్టవుతుంది.

మిద్దె మీద వేసుకునేవారికి ఒక మాట

మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు పడుతుందని లెక్కవేసి కట్టడం మన దేశ ప్రమాణాల పద్ధతి. తడిసిన మట్టి ఒక అడుగు మందం వేస్తే చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు పడుతుంది. మూడు రెట్లు మించిపోయింది. డాబా మీద మట్టి పరవడం, ఇటుకలు పేర్చి మడులు కట్టడం ఇంజినీరు లెక్క చూసి సరే అంటే తప్ప చేయకూడదు. అక్కడ కుండీలు, గ్రో బ్యాగులు, కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన తేలిక మిశ్రమం వాడాలి. అవి కూడా దూలాల మీద, గోడల వెంట పెట్టాలి, మధ్యలో కాదు. ఈ అవసరానికి ట్రాక్టర్ కాదు, సంచులు చాలు. సిమెంటు బస్తా పరిమాణం సంచిలో సుమారు 1.2 ఘనపుటడుగులు పడుతుంది.

మట్టి ఎక్కడి నుంచి వస్తుంది

నగరం చుట్టూ ఉన్నది గ్రానైటు నేల. ఆ రాయి వేల ఏళ్లుగా అరిగి, చితికి మట్టి అయింది. అందులో ఉన్న ఇనుము తుప్పు పట్టడం వల్లే ఎరుపు. పైన 6 నుంచి 8 అంగుళాలు చల్క మట్టి: ఇసుక, బంక రెండూ ఉన్న, వేళ్లు, వానపాములు తిరిగే పొర. దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే చితికిన రాయి, దానికీ అడుగున బండ. మహేశ్వరం, ఇబ్రహీంపట్నం, శామీర్‌పేట, కీసర వైపు ఎక్కువగా ఈ ఎర్ర నేలలే. చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ దారిలో నల్లరేగడి కూడా తగులుతుంది. పటాన్‌చెరులో 1972లో మొదలైన మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో అయితే ఎర్ర నేల, నల్ల నేల రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మంచి మట్టి దొరికే చోటు ఏదంటే, పొలాల్లో వెంచర్లు వేసి రోడ్లు తీస్తున్న చోటు. రోడ్డు వేసే ముందు పైపొరను ఎలాగూ గీకేస్తారు. ఆ గీకిన మట్టి మీకు కావలసింది. పంట పండే చేను పైమట్టిని అమ్మకం కోసమే గీకించడం మాత్రం ఆ చేనుకు తీరని నష్టం. అంగుళం మందం పైపొర తయారవడానికే వందల ఏళ్లు పడుతుంది. అలాంటి మట్టి ఇస్తామంటే కొనకపోవడమే మంచిది.

మొరాన్ని ఎందుకు వద్దంటున్నామంటే, దాన్ని రోడ్ల కింద వేసేది అది నీళ్లు పడి, బరువు పడి గట్టిపడుతుందనే. మీ మడిలోనూ అదే పని చేస్తుంది. నాలుగు తడులకు గడ్డపార దిగని గట్టి నేల అవుతుంది. పైగా 15 అడుగుల లోతు నుంచి వచ్చిన దాంట్లో సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. స్థలం ఎత్తు పెంచుకోవడానికి అడుగున మొరం పోయించుకోండి, తప్పు లేదు. పై అడుగున్నర మాత్రం మంచి మట్టే ఉండాలి.

చెరువు పూడిక మట్టి గురించి చాలామంది అడుగుతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి రైతులు పొలాలకు తోలుకున్నారు, ఇసుక నేలలకు అది మేలు చేసే మట్టే. అయితే అవి ఊరి చెరువులు. నగరంలో మురుగు కలిసే చెరువుల మట్టి, మూసీ ఒండ్రు, పారిశ్రామికవాడల కింద ఉన్న చెరువుల పూడిక తినే కూరల మడిలో వేయొద్దు. భార లోహాలు చూపుకు దొరకవు, కడిగితే పోవు. దూరపు పల్లె చెరువుదైతే ఎర్రమట్టిలో ఐదో వంతుకు మించకుండా కలుపుకోండి.

ఫోన్‌లో అడగాల్సినవి

‘అన్నా, మంచి ఎర్రమట్టి ఉందా?’ అని అడిగితే ‘ఉంది’ అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి:

‘అన్నా, మట్టి ఎక్కడిది, చేనుదా సెల్లార్‌దా? ఎంత లోతు తవ్వుతున్నరు? గుట్ట ఎక్కడుంది, వచ్చి చూడొచ్చా? జల్లెడ పట్టిందా, పట్టంది ఇస్తరా? ట్రాలీ లోపల పొడుగెంత, వెడల్పెంత, పలకల ఎత్తెంత? పలకల దాకా నింపుతరా, గుట్టగానా? లోడింగ్, అన్‌లోడింగ్ ధరలోనే ఉందా? బండి ఏ టైంకు వస్తది?’

లోతు గురించి తడబడితే, గుట్ట చూడనివ్వనంటే అక్కడితో ఆపేయండి. అలాగే పర్మిట్ అడగండి. చదును చేయడానికి, నింపడానికి వాడే సాధారణ మట్టిని కేంద్రం 2000లోనే చిన్న తరహా ఖనిజాల్లో చేర్చింది, తవ్వి తరలించడానికి గనుల శాఖ అనుమతి కావాలి. కాగితం లేని బండిని దారిలో పట్టుకుంటే మీ మట్టి, మీ అడ్వాన్సు రెండూ అక్కడే ఆగిపోతాయి.

ధరను ట్రిప్పు లెక్కన పోల్చకండి. లెక్క కోసం ఒకరు ట్రాక్టర్ 3,000 రూపాయలు, మరొకరు 3,500 అన్నారనుకుందాం. మొదటివారి ట్రాలీ 9 × 5.5 × 1.5 అడుగులు, అంటే 74 ఘనపుటడుగులు. రెండోవారిది 10 × 6 × 2, అంటే 120. మొదటిది ఘనపుటడుగుకు 40 రూపాయలు పడింది, రెండోది 29. చౌక అనుకున్నదే ఖరీదు.

గుట్ట దగ్గర పరీక్షలు

ఈ ఒక్క పని మానకండి. వెళ్లేటప్పుడు పార, రెండు సంచులు, ఒక సీసా వెనిగర్, నీళ్లు తీసుకెళ్లండి. గుట్ట పైన మంచి మట్టి చల్లి ఉండటం మామూలే. కాబట్టి పక్కల నుంచి, అడుగు నుంచి, మధ్యలో చేయి మోచేతి దాకా దిగేంత తవ్వి, మూడు చోట్ల మట్టి తీయండి.

గుప్పెడు మట్టి కాస్త తడిపి వేళ్ల మధ్య రుద్దండి. మంచి చల్క మట్టి గరగరలాడుతూనే కొంచెం అంటుకుంటుంది, వేలికి ఎర్ర మరక దిగుతుంది. మొరమైతే పలుకులు కోసుగా గుచ్చుకుంటాయి, ఎండలో పెడితే అభ్రకం మెరుస్తుంది. ఉండ చేసి బొటనవేలితో పట్టీలా ముందుకు నొక్కండి. అంగుళం నుంచి అంగుళంన్నర సాగి తెగితే మీకు కావలసిన మట్టి. అసలు పట్టీయే రాకపోతే ఇసుక మరీ ఎక్కువ. రెండు అంగుళాలు దాటి సాగితే బంక ఎక్కువ, వానకు నీళ్లు నిలుస్తాయి, ఎండకు పగుళ్లు వస్తాయి.

తర్వాత వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుస్సుమని నురగ వస్తే సున్నం ఉంది: సిమెంటు, గచ్చు పొడి గానీ, నేలలోనే ఉండే సున్నపు గుళికలు గానీ. ఏదైనా ఆ మట్టి వదిలేయండి. మన బోరు నీళ్లు అసలే ఉప్పు నీళ్లు, వాటికి సున్నపు మట్టి తోడైతే మొక్కకు ఇనుము అందదు. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యన తెల్లబోతాయి.

ఇప్పుడు తుంగ. మట్టిలో నల్లటి, శనగగింజంత గట్టి గడ్డలు, వాటికి సన్నటి తీగ వేళ్లు కనిపిస్తే అవి తుంగగడ్డలు. కొరికి చూస్తే ఘాటైన వాసన వస్తుంది. పిడికెడు మట్టిలో ఒక్కటి కనిపించినా ఆ గుట్ట కొనొద్దు. వయ్యారిభామ విత్తనమైతే మొలవగానే పీకేయొచ్చు. తుంగను పీకితే పైన తెగి కింద గడ్డ మిగిలి, మళ్లీ మొలుస్తుంది, ఏళ్ల తరబడి మిమ్మల్ని వదలదు. అలాగే తెల్లటి, మెడ వంచినట్టు ముడుచుకున్న వేరుపురుగులు, చెదలు ఉన్నాయేమో చూడండి.

రెండు కిలోల మట్టి ఇంటికి తెచ్చుకోండి. సగంతో పరీక్షలు, సగం దాచుకోవాలి, బండి వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడటానికి.

ఇంట్లో చేసేది సీసా పరీక్ష. పక్కలు నిటారుగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి వేసి, మెడ దాకా నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, మూత బిగించి ఐదు నిమిషాలు బాగా ఊపి కదపకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరింది ఇసుక, అక్కడ స్కెచ్ పెన్నుతో గీత గీయండి. రెండు గంటలకు దాని మీద చేరింది ఒండ్రు, ఇంకో గీత. నీళ్లు తేటపడ్డాక, అంటే ఒకటి రెండు రోజులకు, పైన సన్నగా పేరుకున్నది బంక. మూడు పొరల మొత్తం ఎత్తులో ఇసుక 55 నుంచి 70 శాతం, బంక 15 నుంచి 25 శాతం ఉంటే కళ్లు మూసుకుని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇసుక 80 దాటితే అది మొరం కిందే లెక్క. నీళ్ల మీద తేలే నల్లటి తుక్కు కనిపిస్తే సంతోషించండి, అది సేంద్రియ పదార్థం, చేను పైమట్టి అనడానికి గుర్తు.

దీంతోపాటు ఒక కుండీలో ఆ మట్టి, మరో దాంట్లో కొబ్బరి పొట్టు వేసి పది పది పెసలు నాటండి. వారంలో మట్టిలో ఎనిమిదికి తగ్గకుండా మొలిచి, రెండింటి ఎత్తూ ఇంచుమించు ఒకేలా ఉంటే మొలకను అడ్డుకునే విషం ఏమీ లేనట్టే. స్థలం పెద్దదైతే, కూరలు ఇంట్లో పిల్లలకోసమైతే, రాజేంద్రనగర్‌లోని మట్టి పరీక్షా కేంద్రానికి అరకిలో మట్టి ఇచ్చి పీహెచ్ (పులుపు, క్షార గుణం), ఈసీ (లవణాల మోతాదు), సేంద్రియ కర్బనం చూపించుకోండి. పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య, ఈసీ 1 లోపు ఉంటే బాగు. సేంద్రియ కర్బనం తక్కువే వస్తుంది. ఎర్ర నేలల తీరే అది, ఎరువుతో సరిచేసుకుంటాం.

బండి రాకముందు

ఏప్రిల్, మే నెలల్లో తెప్పించుకోండి. మట్టి ఆరి ఉంటుంది, జల్లెడ పడుతుంది, కూలీలకు మోయడం తేలిక, జూన్ వానల నాటికి అణిగి మొక్కకు సిద్ధమవుతుంది. జులైలో తెప్పిస్తే ముద్దలు ముద్దలుగా వచ్చి, ఆరాక ఇటుకల్లా గట్టిపడతాయి.

సంపు చూసుకోండి. మన ఇళ్లలో నీళ్ల సంపు సరిగ్గా గేటు లోపలే, పార్కింగ్ కింద ఉంటుంది. ఆ కప్పు కారు బరువుకు కట్టింది, నిండు ట్రాక్టర్‌కు, టిప్పర్‌కు కాదు. బండిని గేటు బయటే ఆపించండి. సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్ మూత మీదికి కూడా చక్రం రానివ్వొద్దు. టిప్పర్ తొట్టి పైకి లేచినప్పుడు 15 అడుగులు దాటుతుంది, పైన కరెంటు తీగలు, కేబుల్ వైర్లు ఎక్కడున్నాయో ముందే చూసి చోటు గుర్తు పెట్టండి. ట్రాక్టర్‌కు కనీసం 8 అడుగుల దారి, మలుపు దగ్గర ఇంకాస్త ఎక్కువ కావాలి.

నగరంలో పగటిపూట భారీ వాహనాల మీద ఆంక్షలు ఉంటాయి కాబట్టి టిప్పర్ చాలాసార్లు రాత్రి పదింటి తర్వాతే వస్తుంది. ఆ చీకట్లో ఏం పోశారో పొద్దున గానీ తెలియదు. వీలైతే పగలు వచ్చే ట్రాక్టర్‌నే మాట్లాడుకోండి. రాత్రే తప్పదంటే మంచి టార్చి, దాచిన నమూనా సంచి చేతిలో పెట్టుకోండి.

మట్టి పోసే చోట 15 × 18 అడుగుల తార్పాలిన్ పరవండి. ప్రహరీ గోడకు ఆనించి పోయనివ్వొద్దు. తడిసిన మట్టి నెట్టే బలానికి నాలుగంగుళాల గోడ వాలిపోతుంది. రోడ్డు మీద పోయక తప్పకపోతే ఆ రోజే లోపలికి ఎత్తేయాలి. వాన పడితే మట్టంతా వరద కాలువలోకి పోతుంది, పక్కింటివారితో గొడవ, పైన మున్సిపల్ జరిమానా.

కూలీల లెక్క: ఒక గమేలాకు దాదాపు అర ఘనపుటడుగు. 100 ఘనపుటడుగులంటే 200 గమేలాలకు పైమాటే. గేటు నుంచి పెరటికి 50 అడుగులు మోయాలంటే ఇద్దరు అడ్డా కూలీలకు ఒక రోజు పని. ఇంటి పక్కన రెండడుగుల సందు మాత్రమే ఉంటే తోపుడు బండి పట్టదు, ఇంకో మనిషిని కలుపుకోండి.

బండి వచ్చాక, దించకముందు

డ్రైవర్‌తో మర్యాదగానే, గట్టిగా చెప్పండి: కొలిచాక, చూశాకే దించాలి. ట్రాలీ ఎక్కి ఒక ఇనుప కడ్డీ నాలుగు మూలలా, మధ్యలో అడుగుకు తగిలేదాకా గుచ్చి మట్టి లోతు కొలవండి. ఐదింటి సగటును లోపలి పొడవు, వెడల్పుతో గుణిస్తే వచ్చిన మట్టి ఎంతో తేలుతుంది. మూలల్లో తక్కువ, మధ్యలో గుట్టగా కనిపించే లోడు చూపుకు నిండుగా ఉంటుంది, సగటు తీస్తే అసలు లెక్క బయటపడుతుంది.

పార పెట్టి మధ్యలో నుంచి మట్టి తీసి నమూనాతో పోల్చండి. ఇటుక, టైలు, ప్లాస్టిక్, గాజు కనిపిస్తే తిప్పి పంపండి. నేల మీద పడ్డాక అది మీ బాధ్యత అయిపోతుంది. శిథిలాలను తీసుకునే రీసైక్లింగ్ కేంద్రాలు జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ఉన్నాయి గానీ, తరలించే ఖర్చు మీదే. అందుకే ముందు చిన్న అడ్వాన్సు మాత్రమే ఇచ్చి, మిగతాది పరీక్ష అయ్యాకే ఇవ్వాలి. డ్రైవర్ చాలాసార్లు ఓనర్ కాడు, తేడా వస్తే అతనితో వాదించకుండా అక్కడి నుంచే ఓనర్‌కు ఫోన్ కలపండి.

ఒకవేళ మీరు లేనప్పుడు దించేసి వెళ్లారనుకోండి, గుట్టను కూడా కొలవొచ్చు. గుట్ట చుట్టూ తాడు పట్టి చుట్టుకొలత తీయండి. దాన్ని దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, 38తో భాగించండి. చుట్టుకొలత 34 అడుగులు, ఎత్తు 3 అడుగులైతే: 34 × 34 × 3 ÷ 38, అంటే సుమారు 91 ఘనపుటడుగులు.

మడి నింపడం

కొత్త ఇంటి చుట్టూ నేల అంటే మేస్త్రీలు వదిలిన సిమెంటు, కంకర, పెయింటు డబ్బాల తుక్కు. గోడ నుంచి మూడు నాలుగు అడుగుల దాకా ఆ పొరను తీసేయండి. తర్వాత పాత నేలను గడ్డపారతో 6 నుంచి 9 అంగుళాలు గుల్ల చేయాలి. ఈ పని ఎగ్గొట్టి గట్టి నేల మీద మంచి మట్టి పోస్తే రెండు పొరల మధ్య నీళ్లు ఆగి వేళ్లు కుళ్లుతాయి. తవ్వాక అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి చూడండి. ఒకసారి ఇంకాక రెండోసారి నింపినప్పుడు గంటకు అంగుళమైనా దిగకపోతే ఆ మడిని నేలకంటే 8 అంగుళాలు ఎత్తుగా కట్టుకోండి.

మట్టిని పావంగుళం జాలీ జల్లెడలో పట్టండి. మిగిలిన గులకరాళ్లు నడకదారి కిందికి పనికొస్తాయి. ఇక కలపడం. 100 చదరపు అడుగుల మడికి, అడుగు లోతుకు: మట్టి మూడు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, వేప పిండి 2 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అరకిలో. ఎరువు నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగులను పిలిచి కూర్చోబెట్టినట్టే. వారం పది రోజుల ముందే 90 కిలోల ఎరువు, 10 కిలోల వేప పిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడే కలిపి, తడి చల్లి, నీడలో గోనె కప్పి ఉంచి వాడితే టమాట, వంకాయల్లో ఎండు తెగులు తగ్గుతుంది.

మట్టి మరీ బంకగా ఉందని ఒకటి రెండు తట్టల ఇసుక కలపడం వల్ల ఒరిగేదేమీ లేదు, బంక ఇసుకను పట్టుకుని ఇంకా గట్టిపడుతుంది. అలాంటి దానికి మందు ఎరువే. రోబో ఇసుకలో రాతి పొడి ఎక్కువ, తోటకు వాడొద్దు.

ముందు మూడంగుళాల మిశ్రమం వేసి పాత నేలతో కలపండి. తర్వాత నాలుగేసి అంగుళాల చొప్పున వేస్తూ, ప్రతిసారీ పలచగా నీళ్లు చల్లండి. కాళ్లతో తొక్కి అణచొద్దు. నడవక తప్పకపోతే చెక్క వేసుకుని దాని మీద నడవండి. మట్టి తడి ఎంతుండాలంటే, పిడికిట్లో నొక్కితే ఉండ కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. అంతకంటే తడిగా ఉన్నప్పుడు పార పెట్టొద్దు. గోడల దగ్గర మట్టి ప్లింత్ (పునాది గట్టు) అంచుకు కనీసం 6 అంగుళాలు కిందే ఆగాలి, వాలు బయటికి ఉండాలి. లేదంటే వచ్చే వానాకాలానికే లోపలి గోడ చెమ్మ పడుతుంది. ఉన్న చెట్ల మొదళ్ల చుట్టూ కొత్త మట్టి ఎగదోయొద్దు, బెరడు కుళ్లి చెట్టే పోతుంది.

నాటే ముందు, నాటాక

రెండు మూడు వారాలు వదిలి, వారానికి రెండు తడులు ఇవ్వండి. అణిగిన చోట్ల మళ్లీ నింపడానికి పదో వంతు మిశ్రమాన్ని తార్పాలిన్ కప్పి పక్కన దాచుకోండి. ఎండాకాలమే కాబట్టి మడి తడిపి, సన్నటి పారదర్శక పాలిథీన్ పరచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే కలుపు విత్తనాలు, వేరుముడి నులిపురుగులు చాలావరకు పోతాయి. తుంగగడ్డలు దీనికి పూర్తిగా లొంగవు.

మట్టి కొంచెం మొరం వైపు వచ్చిందనిపిస్తే మొదటి కారు కూరగాయలు వేయకండి. జూన్‌లో జనుము గానీ జీలుగ గానీ ఒత్తుగా చల్లి, 40 నుంచి 45 రోజులకు పూత రాగానే కోసి మట్టిలో కలిపేయండి. ఓపిక లేనివారు తోటకూర, గోరుచిక్కుడు, బెండతో మొదలుపెట్టొచ్చు. క్యారెట్, ముల్లంగి రెండో ఏడాదికి.

చల్క మట్టికి ఒక గుణం ఉంది: గట్టి వాన పడి ఎండ కాయగానే పైన పెచ్చు కడుతుంది. మొలకలు దాన్ని చీల్చుకుని రాలేవు, నీళ్లు దిగకుండా పక్కకు జారిపోతాయి. మడి మీద రెండంగుళాల ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ పరిస్తే పెచ్చు కట్టదు. విత్తనం వేసిన సాళ్ల మీద మాత్రం గడ్డి కాకుండా అరంగుళం వర్మీ కంపోస్టు చల్లండి. పెచ్చు అప్పటికే కట్టి ఉంటే దంతెతో పైపైన గీకి, సన్నటి చిల్లుల రోజ్‌క్యాన్‌తో మాత్రమే నీళ్లు పోయండి.

మొలిచిన నెలలోపు ఆకులన్నీ, ముఖ్యంగా కింది ఆకులు, పసుపెక్కితే నత్రజని చాలక. మాగని ఎరువో, కడగని కొబ్బరి పొట్టో కలిసిందని అర్థం. లీటరు నీళ్లకు 5 గ్రాముల యూరియా కలిపి వారానికోసారి రెండు సార్లు మొదట్లో పోయండి, లేదా పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన జీవామృతం వాడండి. కొత్త ఆకులు మాత్రమే తెల్లబోతే ఇనుము లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం విడిచి మరోసారి. తుంగ ఒకటి రెండు పిలకలు కనబడ్డ రోజే, పీకకుండా, చుట్టూ అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వి, మట్టితో సహా తీసి జల్లించి, గడ్డలన్నీ ఏరి ఎండలో సిమెంటు నేల మీద ఎండబెట్టండి. ఆ మట్టిని కంపోస్టు గుంతలో మాత్రం వేయొద్దు.